విప్పిన ఇంజను మోగిన రాత్రి

ముందే చెప్పేస్తున్నాను... ఇది నిజంగా జరిగింది. నా బియ్యెస్సీ పట్టా మీద ఒట్టు. అది మూడో తరగతిలో వచ్చిన పట్టా కాబట్టి ఒట్టు కూడా అదే తరగతిదని మీరనుకుంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ రాత్రి నేను కల్లు తాగలేదు. జ్వరం లేదు. కునుకు కూడా పట్టలేదు. కుడిచేతిలో పిస్టను ఉంది. ఎడమచేతిలో కిరసనాయిలు గుడ్డ ఉంది. అంత స్పష్టంగా గుర్తున్న రాత్రి నా జీవితంలో ఇంకొకటి లేదు, నా పెళ్ళి రాత్రితో సహా.

మాది విడవలూరుకు తూర్పున, సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఊరు. ఊరి చుట్టూ వరి పొలాలు. తూర్పుగా నడిస్తే సరుగుడు తోపు. తోపు దాటితే ఇసుక దిబ్బ. దిబ్బ దిగితే సముద్రం. ఒడ్డు వెంట కాస్త ఉత్తరంగా పోతే చేపలు పట్టేవాళ్ళ పాళెం. అప్పటికి మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. కరెంటు రాలేదు. గేదెలు ఆ స్తంభాలకు వీపు గోక్కునేవి. నేను నెల్లూరులో ఫిజిక్సు చదివి వచ్చి, ఉద్యోగాలకు పెట్టిన అర్జీలకు జవాబుల కోసం ఎదురుచూడటమే ఉద్యోగంగా చేస్తున్న రోజులు. ఊళ్ళో అందరూ నన్ను 'బియ్యెస్సీ' అనేవాళ్ళు. అసలు పేరు మా అమ్మకు కూడా ఒక్కోసారి తట్టేది కాదు.

ఆ రోజుల్లోనే నా కళ్ళు ఆ బండి మీద పడ్డాయి.

యుద్ధం అయిపోయాక మద్రాసులో సైన్యం తన పాత సామాన్లు వేలం వేస్తే మా మేనమామ కొన్న మోటారు సైకిలు అది. ఆయన దాన్ని మూడు నెలలు తోలాడు. ఒకసారి కాలవలోకి తోలాడు. ఆ తర్వాత ఆయన సైకిలు కూడా ఎక్కలేదు. బండి మా పశువుల కొట్టంలోకి వచ్చి చేరింది. పదిహేనేళ్ళు అక్కడే ఉంది. పెట్రోలు ట్యాంకులో కందిరీగలు కాపురం పెట్టాయి. పనిముట్ల పెట్టెలో మా కోడి వరసగా మూడు కాన్పులు చేసింది. నేను బండిని బయటికి లాగిన రోజున ఆ కోడి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఐదు నెలలు పట్టింది. ఏ సామానూ దొరికేది కాదు. ప్లగ్గు లోపల పగిలిపోతే గూడూరు నుంచి అభ్రకం రేకులు తెప్పించి, చుట్టలా చుట్టి బిగించాను. జిల్లా అంతా తవ్వి విదేశాలకు పంపే అభ్రకంలో వేలెడు ముక్క మా ఇంట్లో పనికొచ్చింది. తుప్పుపట్టిన వాల్వులను సముద్రపు నల్లిసుక సన్నగా జల్లించి, కొబ్బరినూనెలో కలిపి అరగదీశాను. ఇంజను తలకు కింద వేయడానికి రాగి రేకు కావాల్సి వచ్చింది. అదే వారంలో మా అమ్మ రాగి చెంబు కనిపించకుండా పోయింది. ఈ రెండు విషయాలకు సంబంధం ఉందని అమ్మ కనిపెట్టడానికి నెల పట్టింది. ఆ తర్వాత బండి స్టార్టు చేసినప్పుడల్లా వంటింట్లోంచి అనేది:

"అరుస్తా ఉండేది నా చెంబేగా?"

ఇంజను మోగింది గానీ సరిగా మోగలేదు. దగ్గేది. ఎగిరేది. నాలుగు దెబ్బలు కొట్టి ఐదోది మింగేసేది. కార్బురేటరుకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది తిప్పితే ఇంజనులోకి పోయే పెట్రోలు, గాలి హెచ్చుతగ్గులవుతాయి. ఆ స్క్రూ ఎంత తిప్పాలో చదువుకున్నవాడిని, నాకు తెలియలేదు. తెలిసినవాడు చెంగయ్య.

చెంగయ్యది పాళెం. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నన్ను 'అన్నా' అనేవాడు. నేనూ అతన్ని 'అన్నా' అనేవాణ్ణి. ఇద్దరికీ నష్టం లేదు. అతని పని విచిత్రంగా ఉండేది. సముద్రం మధ్యలో తెప్ప ఆపి, తెడ్డు నీళ్ళలో దించి, పిడికి చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. కింద చేపల గుంపు పోతుంటే ఆ చప్పుడు కర్రలోంచి పైకి వస్తుందట. ఏ చేపో, ఎంత లోతో, ఎటు పోతోందో చెప్పేవాడు. ఒకరోజు మా ఇంటికి చేపలిచ్చి పోతూ, నా ఇంజను దగ్గు విని ఆగాడు. తెడ్డు తెచ్చి ఇంజను మీద ఆనించాడు. పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"దీనికి ఆకలిగా ఉండాదన్నా," అన్నాడు.

నేను స్క్రూ పావు చుట్టు తిప్పాను.

"ఆఁ... ఇప్పుడు ఎక్కువ తినింది. అరగటంలా."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. ఆకలి, అజీర్తి... ఈ రెండే మాటలు. అంతకంటే శాస్త్రీయమైన పద్ధతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. రెండు వారాల్లో ఇంజను దగ్గడం మానేసింది. దీపం కూడా వెలిగింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి ఇంజను తిరిగితేనే దీపం. ఇంజను ఆగితే చీకటి. ఒక సాయంత్రం బండిని దిబ్బ మీదికి ఎక్కించి సముద్రం వైపు దీపం వేశాం. పాళెం మొత్తం చూడటానికి వచ్చింది. చెంగయ్య తెప్పేసుకుని లోపలికంటా పోయి చూసి వచ్చాడు.

"గవర్నమెంటోళ్ళు మాకు కట్టని లైటు హౌసు నువ్వు కట్టినావు పో!"

వాళ్ళకు దీపం ఎందుకంటే... మా ఒడ్డుకు ముందు నీళ్ళ కింద ఒక ఇసుక మేట ఉంది. అలలన్నీ అక్కడే విరుగుతాయి. మేటలో ఒకేచోట దారి. ఆ దారికి ఎదురుగా ఈ దిబ్బ. పొద్దుపోయాక తెప్పలు రావాలంటే ఆడవాళ్ళు దిబ్బ మీద సరుగుడు ఆకు, పుల్లలు పోగేసి మంట పెట్టేవాళ్ళు. మంట చూసి తిన్నగా వస్తే ఒడ్డు. పది బారలు అటో ఇటో తప్పితే అల తెప్పను తిరగేస్తుంది. అలా తిరగబడ్డ తెప్పల పేర్లు పాళెంలో ఎవరూ పైకి అనరు.

కార్తీకం వచ్చింది. ఒకరోజు పొద్దున చెంగయ్య వేటకు పోతూ మా ఇంటి మీదుగా వచ్చాడు. ఆకాశం ఈశాన్యాన నల్లగా ఉంది.

"వాన వచ్చేట్టుండాదన్నా. మాపటికి మా ఆడోళ్ళ మంట అంటుకుంటదో లేదో. దీపాలేళకు బండి దిబ్బ మీద పెడతావా? మూడు తెప్పలు పోతుండాం."

"పెడతాను."

"మరిచిపోతావా?"

"ఏందన్నా, నేనేమన్నా గవర్నమెంటా?"

నవ్వుకుంటూ పోయాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

బండి చక్కగా ఉంది. ఒక్క తాపుతో స్టార్టయింది. కానీ వాల్వు దగ్గర ఒక చిన్న చప్పుడు... టిక్... టిక్... మా అమ్మకు వినపడదు. నాకు వినపడింది. ఇంత ముఖ్యమైన రాత్రికి బండి ఆ టిక్కు లేకుండా ఉంటే బాగుంటుందనిపించింది. గంట పని అనుకున్నాను. ఇంజను విప్పినవాడు ఎవడైనా ఈ మాట అనుకునే విప్పుతాడు. మధ్యాహ్నం భోంచేసి పంచలో చాప పరిచి, ఇంజను తల విప్పాను. తల ఎలాగూ వచ్చింది గదా అని సిలిండరు లాగాను. సిలిండరు వచ్చాక పిస్టను విప్పకపోతే అది చిన్నబుచ్చుకుంటుందేమోనని దాన్నీ విప్పాను. ఆఖరున వాల్వు స్ప్రింగు నొక్కి, దాన్ని పట్టి ఉంచే చిన్న ముక్క తీశాను. గోరంత ఉంటుంది. చేతికి నూనె ఉంది. జారింది. గాలిలోకి లేచింది. పక్కనే ఉన్న విత్తనపు వడ్ల బుట్టలో పడింది.

బుట్టలో వడ్లు నాలుగు కుంచాలు. ముక్క రంగు వడ్ల రంగు.

అమ్మ వచ్చి చూసింది. చేట తెచ్చుకుని కూర్చుంది. ఆమె చెరుగుతూ ఉంటే నేను వేళ్ళతో గాలిస్తున్నాను. మోటారు సైకిలు సామాను చేటతో చెరిగిన ఇల్లు ఈ దేశంలో ఇంకొకటి ఉందనుకోను.

"పెద్ద చదువుల్లో ఇదేనా నేర్పేది?" అంది చెరుగుతూనే.

"ఇది ప్రాక్టికల్సులో వస్తుందమ్మా."

మూడయింది. నాలుగయింది. ఐదింటికి గాలి లేచింది. ఆరింటికి వాన మొదలైంది. సన్నగా కాదు. ముక్క దొరకలేదు. నాయన వడ్ల బేరం మీద బుచ్చిరెడ్డిపాలెం పోయి ఉన్నాడు. ఊళ్ళో ఉన్న రెండు గ్యాసులైట్లూ విడవలూరులో ఎవరిదో పెళ్ళికి పోయాయి. అమ్మ వంటకు లేచి వెళ్ళింది. ఇంట్లో ఉన్నదల్లా ఒక లాంతరు. దాని వెలుగు గడప దాటదు.

జోకులన్నీ పోయాయి. మూడు తెప్పలు. తెప్పకు ముగ్గురు. తొమ్మిదిమంది... నా టిక్ చప్పుడు కోసం. ఆ ముక్క బదులు ఇనప తీగ చుట్టి బిగిద్దామనుకున్నాను. తీగ నిలవలేదు. పిస్టను చేతిలోకి తీసుకున్నాను. దాన్ని ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. తుడుస్తూ కూర్చున్నాను. తుడవడానికి అందులో ఏమీ లేదు.

అప్పుడు వినపడింది...

డుబ్... డుబ్... డుబ్... డుబ్...

మొదట గుండె అనుకున్నాను. గుండె అంత సమంగా కొట్టుకోవడం లేదు.

మళ్ళీ విన్నాను. వాన చప్పుడు వెనక నుంచి వస్తోంది. ఇంటి వెనక. తూర్పు. ఒక సిలిండరు ఇంజను. మెల్లగా, నిదానంగా తిరుగుతోంది. ఆ చుట్టుపక్కల పది మైళ్ళలో మోటారు సైకిలు ఒక్కటే ఉంది. అది నా ముందు ఉంది. పదిహేడు ముక్కలుగా ఉంది.

డుబ్... డుబ్... డుబ్...

నాకు చెవుల్లో ఏదో తేడా వచ్చిందనుకున్నాను. అదే అయి ఉంటే బాగుండేది. కానీ ఆ క్షణాన వంటింట్లోంచి అమ్మ గొంతు...

"దొరికిందన్నమాట ముక్క! సరేగానీ, వానలో తిరగబాక. గొడుగన్నా తీసుకునిపో!"

నేను కదల్లేదు. పిస్టను వైపు చూశాను. లాంతరు వెలుగులో అది మెరిసింది. చల్లగా ఉంది.

"అమ్మా..." అన్నాను.

"ఈ పొద్దు నా చెంబు బాగా పలకతా ఉందిరా," అంది అమ్మ. ఆమె ఆ బండిని మెచ్చుకోవడం అదే మొదటిసారి.

భయం వేసిందా అని అడగండి. వేసింది. కానీ ఉన్నమాట చెప్పాలంటే, భయం కంటే ముందు అసూయ కలిగింది. ఎందుకంటే ఆ ఇంజను... ఎలా చెప్పను... నేను ఐదు నెలలుగా వెతుకుతున్న మోత అది. ఆకలి లేదు. అజీర్తి లేదు. టిక్ లేదు. ఒక్క దెబ్బ తప్పడం లేదు. నా బండి దాని జన్మలో అలా మోగలేదు.

దుప్పటి కప్పుకుని, లాంతరు తీసుకుని వానలోకి దిగాను. ధైర్యంతో కాదు. ఆ తొమ్మిదిమంది గుర్తుకొచ్చి ఇంట్లో కూర్చోలేక. పిస్టను చేతిలోనే ఉందన్న సంగతి తోపు దగ్గరికి పోయేదాకా గమనించలేదు. దాన్ని దుప్పటి కొంగులో మూట కట్టుకున్నాను.

సరుగుడు తోపు సంగతి మీకు తెలుసుగా. గాలి వీస్తే ఏడుస్తుంది. పెద్దవాళ్ళు సముద్రం అంటారు, పిల్లలు దెయ్యాలంటారు, నేను గాలి పీడనం అనేవాణ్ణి. ఆ రాత్రి పిల్లల మాటే దగ్గరగా ఉన్నట్టు అనిపించింది. మోత నాకు ముందు నడుస్తోంది. నేను ఆగితే ఎంత దూరంలో ఉందో, నడిచినా అంతే దూరంలో ఉంది. లాంతరు గాజు మీద చినుకు పడి పగిలింది. దీపం ఆరింది. ఆ తర్వాత చెవులే దారి.

డుబ్... డుబ్... డుబ్...

పెట్రోలు వాసన వచ్చింది. కాలిన నూనె వాసన. ఆ వాసన నాకు ఇష్టం. అప్పుడు కూడా ఇష్టంగానే ఉంది... అదే ఎక్కువ భయపెట్టింది.

తోపు చివరకొచ్చాను. ఆగిపోయాను.

దిబ్బ మీద నుంచి వెలుగు. పసుపు పచ్చగా, తిన్నగా, సముద్రం మీదికి పోతోంది. దీపం నాకు కనపడటం లేదు. అది దిబ్బకు అవతలి వాలున ఉన్నట్టుంది. వెలుగు మాత్రమే కనపడుతోంది. చెరిగినప్పుడు ఎగిరే వడ్లలాగా చినుకులు అందులో మెరుస్తున్నాయి. దిబ్బ పక్క సందులోంచి చూస్తే ఆ వెలుగు చివర, అలల మధ్య, నల్లగా మూడు గీతలు. లేస్తున్నాయి. దిగుతున్నాయి. మనుషులు తెడ్లు వేస్తున్నారు.

అప్పుడు నేను భయం మాట మరిచిపోయాను. పరిగెత్తాను. తడి ఇసుకలో పాదం దిగిపోతోంది. పైకి ఒక అడుగు వేస్తే అర అడుగు కిందికి. మోత దగ్గరైంది. మరీ దగ్గరైంది. పొట్టలో తగులుతోంది. దిబ్బ అంచు ఇంకా రెండు బారలు ఉందనగా సముద్రంలోంచి కేక వినపడింది.

"బియ్యెస్సీ అన్నోవ్...!"

చెంగయ్య గొంతు. తెప్పలు మేట దాటాయి.

నేను దిబ్బ ఎక్కాను.

మోత ఆగింది. వెలుగు పోయింది.

అక్కడ ఎవరూ లేరు.

బండి లేదు. మనిషి లేడు. చీకటి, వాన, నేను. వంగి చేత్తో తడిమాను. అంతా తడి ఇసుక. ఒక్కచోట మాత్రం... ఒక మంచమంత మేర... పొడిగా ఉంది. అంత వానలో పొడిగా ఉంది. వెచ్చగా ఉంది. అన్నం వండి దించిన పొయ్యి పక్కన నేల ఎలా ఉంటుందో, అలా. చెయ్యి ఆనించి ఉంచాను. నా అరచేతి కిందే చినుకులు పడి, తడిసి, చల్లబడింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పాళెం వైపు నుంచి ఆడవాళ్ళు అరుస్తూ పరిగెత్తుకొస్తున్నారు. అందరికంటే ముందు చెంగయ్య భార్య మంగమ్మ.

"నీ కడుపు చల్లగుండ! మా మంట మూడుసార్లు ఆరిపోతే పొడి పుల్లలకని పాళేనికి పోయినాం సామీ! నీ దీపం చూసినాకనే నాకు పానం లేచొచ్చింది!"

తెప్పలు ఇసుక మీదికి లాగారు. తొమ్మిదిమంది. నేను రెండుసార్లు చూసుకున్నాను. తొమ్మిదిమందీ. చెంగయ్య తడి ఒంటితో వచ్చి నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, మొగుళ్ళను తిడుతున్నారు. ఆ వానలో అది తిరణాలలా ఉంది. అందులో నేనొక్కణ్ణే దెయ్యం పట్టినవాడిలా నిలబడి ఉన్నాను.

"బండేదన్నా?" అన్నాడు చెంగయ్య నన్ను దించి.

"ఇంట్లో ఉంది."

"అప్పుడే తోలేసినావా! గాలి లాగా పోయిందే!"

ఆ రాత్రి నేనన్న మాటల్లో నిజం ఆ ఒక్కటే. మిగతావాళ్ళు అడిగినవాటికి తల ఊపాను.

పొద్దున్నే చెంగయ్య వచ్చాడు. మోచేయంత వంజరం చేప అమ్మ చేతికిచ్చాడు. పంచలోకి వచ్చాడు. చాప మీద చూశాడు. తల ఒక పక్క. సిలిండరు ఒక పక్క. స్ప్రింగులు. బోల్టులు. చేట.

వంగి సిలిండరు ఎత్తి చూసి, మళ్ళీ దించాడు.

"ఎప్పుడు విప్పినావు?"

"నిన్న మధ్యాహ్నం."

"మళ్ళా ఎప్పుడు బిగించినావు?"

"బిగించలేదన్నా."

అతను కూర్చున్నాడు. దుప్పటి మూట విప్పి పిస్టను చూపించాను. రాత్రి సంగతంతా చెప్పాను. మాట తప్పాననే సంగతి మొదట చెప్పాను, మిగతాది తర్వాత. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పిస్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కంటికి కనపడింది అబద్ధమైనా కావచ్చు అన్నా. చెవికి వినపడింది గాదు. వానలో ముందు నాకు దీపం కనపళ్ళా. తెడ్డు నీళ్ళలో దించి ఇన్నా. నీళ్ళలో మోగతా ఉండాది. ఆ మోత పట్టుకునే తిరిగినాం. దీపం తర్వాత కనపడింది."

ఒడ్డున పుట్టిన శబ్దం నీళ్ళలోకి అంతగా దిగదని నేను పరీక్షలో రాశాను. ఆ జవాబుకు మార్కులు కూడా వేశారు. ఆ మాట అతనికి చెప్పలేదు.

"భయంగా లేదా?" అని అడిగాను.

"ఉండాది. బతికుండా గాబట్టి భయంగా ఉండాది. అది మంచిదే గదా?" ఒక గుడ్డ తీసుకుని సిలిండరు తుడవడం మొదలుపెట్టాడు. "ఆ మోత నీకు గుర్తుండాదా?"

"ఉంది."

"నాకూ ఉండాది. బిగించు. దాని కాడికి తెద్దాం."

అమ్మ వడ్లన్నీ ఇంకోసారి చెరిగితే మర్నాడు ఆ ముక్క దొరికింది. మూడో రోజు మధ్యాహ్నానికి అంతా బిగించాను. టిక్ పోయింది. చెంగయ్య తెడ్డు ఆనించి కూర్చున్నాడు. నేను స్క్రూ పట్టుకున్నాను. ఈసారి ఆకలి, అజీర్తి అనలేదు. "ఆడికి రాలా," అనేవాడు. "రాలా... రాలా... దాటిపోయినావు, ఎనక్కి రా." ఇద్దరం ఒకే పాటను గుర్తుతెచ్చుకుంటున్నట్టు ఉంది. మంగమ్మ వచ్చి గట్టు మీద కూర్చుని, ఇద్దరు మగాళ్ళు ఒక స్క్రూ దగ్గర ఇంతసేపు ఏం చేస్తున్నారని అమ్మను అడిగింది. "చెంబుకు కళాయి పెడతా ఉండారు," అంది అమ్మ. నలుగురం నవ్వాం.

పొద్దువాలే వేళకు స్క్రూ వెంట్రుకవాసి కదిపాను.

డుబ్... డుబ్... డుబ్... డుబ్...

చెంగయ్య కళ్ళు తెరిచాడు. నేను చెయ్యి తీసేశాను. ఇద్దరం ఒకేసారి అన్నాం.

"ఇదే."

నవ్వాం. తర్వాత నవ్వు ఆగింది. ఎందుకంటే నాకు అప్పుడు తట్టింది. ఈ మోత ఈ ఇంజనులో ఇంతకు ముందు ఎప్పుడూ లేదు. ఈ పూట పుట్టింది. మా చేతుల్లో పుట్టింది. కానీ మేము దీన్ని మూడు రాత్రుల కిందటే విన్నాం.

నేను ఇంజను ఆపలేదు. ఎక్కి కూర్చున్నాను. "పద," అన్నాను.

తోపులోంచి దిబ్బ మీదికి తోలాను. వెనక చెంగయ్య. ఆ రోజు వాన లేదు. గాలి లేదు. ఆకాశం నిండా చుక్కలు. పాళెం తెప్పలన్నీ ఒడ్డున వరసగా బోర్లించి ఉన్నాయి. ఆ పొడినేల ఉన్నచోటు వెతికి అక్కడే బండి నిలబెట్టాను. సముద్రం వైపు దీపం వేశాను.

"ఈ పొద్దు ఎవురూ యేటకు పోలేదన్నా," అన్నాడు చెంగయ్య మెల్లగా. "దీపం ఎవురికి?"

"నీకు మాటిచ్చాను గదా. మూడు రోజులు ఆలస్యమైంది, అంతే."

ఫిజిక్సు చదివినవాడు చేసే పని కాదది. నాకూ తెలుసు. కానీ ఆ రాత్రికి ఒక బండి కావాల్సి వచ్చింది. ఎవరో ఒకరు తెచ్చి పెట్టాలి గదా అనిపించింది. చెంగయ్య నవ్వలేదు. నా పక్కన ఇసుకలో చతికిలబడి చుట్ట వెలిగించుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నామో... వెలుగు నీళ్ళ మీద పడి పోతోంది. దాని చివర ఏమీ లేదు. ఉత్త నీళ్ళు. ఇంజను ఒక్క దెబ్బ తప్పకుండా మోగుతోంది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న గంటలు తక్కువ.

అప్పుడు... మేట అవతల నుంచి... చాలా దూరం నుంచి...

"బియ్యెస్సీ అన్నోవ్...!"

నేను చెంగయ్య వైపు తిరిగాను. చుట్ట అతని పెదాల మధ్య ఉంది. నోరు మూసి ఉంది.

అతని గొంతే. నా పక్కన కూర్చున్నవాడి గొంతే. సముద్రంలోంచి.

చెంగయ్య చుట్ట తీశాడు. లేచి నిలబడ్డాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు అరిచాడు.

"ఈడే ఉండాంరా! తిన్నగా రా... తిన్నగా వచ్చెయ్!"

జవాబు రాలేదు. అలలు మేట మీద విరిగి మామూలుగా వచ్చి పోయాయి. కాసేపటికి నేను ఇంజను ఆపాను. ఇద్దరం బండిని తోసుకుంటూ తోపులోంచి నడిచి వచ్చేశాం. దారిలో వంజరం పులుసు గురించి మాట్లాడుకున్నాం.

ఆ కేక ఎవరిదని చెంగయ్యను తర్వాత చాలాసార్లు అడిగాను. నాదేనంటాడు, తడుముకోకుండా. మరి ఎప్పుడు వేసిన కేక అని అడిగితే మాత్రం మాట మార్చేస్తాడు.

నేనూ గట్టిగా అడగలేదు. చెప్పేస్తే ఏం చేయాలో నాకు తెలియదు.